దౌ ఆర్ట్ లార్డ్ తొలి ఆల్బమ్: ఏథెన్స్ 'సూపర్‌గ్రూప్' వెనక అసలు లెక్క

గ్రీకు బ్లాక్ మెటల్ (హెవీ మెటల్‌లో చీకటి, సైతాను ఇతివృత్తాలున్న శాఖ) గురించి వెతికేవాళ్ళకి తొందరగానే ఎదురయ్యే పేరు దౌ ఆర్ట్ లార్డ్. 1993లో ఏథెన్స్‌లో మొదలైన బ్యాండ్ ఇది. 1994లో 'ఎయోస్ఫోరోస్' అనే తొలి ఆల్బమ్ వచ్చింది. దాని గురించి ఎక్కడ చదివినా రెండు లేబుళ్ళు తప్పకుండా కనిపిస్తాయి, ఒకటి సూపర్‌గ్రూప్, రెండోది ఆకల్ట్, అంటే గూఢ మంత్రవిద్య. కొత్తగా వినేవాళ్ళని ఈ రెండూ కాస్త తప్పుదారి పట్టిస్తాయి. సూపర్‌గ్రూప్ అనగానే అప్పటికే పేరూ డబ్బూ సంపాదించిన స్టార్లు ఒకచోట చేరారనుకుంటాం. ఆకల్ట్ అనగానే, టీవీ ఛానళ్ళ పుణ్యమా అని, నిమ్మకాయలూ కుంకుమా క్షుద్రపూజలూ గుర్తొస్తాయి. తీరా పాట పెడితే మూడో గందరగోళం మొదలవుతుంది. బ్లాక్ మెటల్ అంటే నార్వే తరహా విపరీతమైన వేగం, కీచుమనే గిటార్లు అనుకుంటే, ఇక్కడ రిఫ్‌లు (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసలు) బరువుగా, తెగ్గొట్టినట్టు, చాలాచోట్ల మధ్యస్థ వేగంలో నడుస్తాయి.

వీటిలో మొదటిదానికీ మూడోదానికీ కారణం ఒకటే. అప్పటి ఏథెన్స్ మెటల్ సీన్, అంటే అక్కడి బ్యాండ్లూ అభిమానుల లోకం, చాలా చిన్నది, దాన్ని నడిపింది గుప్పెడు మనుషులు.

క్లుప్తంగా

దౌ ఆర్ట్ లార్డ్‌ని సూపర్‌గ్రూప్ అనడం తర్వాతి కాలం వెనక్కి తిరిగి పెట్టిన పేరు. 1993 నాటికి అందులో ఎవరూ స్టార్లు కారు. గ్రీకు బ్లాక్ మెటల్‌కి ప్రత్యేకమైన సౌండ్ రావడానికి జాతి లక్షణాల కన్నా, మనుషులు ఒకళ్ళే కావడం, స్టూడియో ఒకటే కావడం ఎక్కువ కారణం. ఆకల్ట్ విషయంలో మాత్రం గ్రీస్‌కి నిజంగానే సొంత సరుకుంది, చర్చితో సంబంధం కూడా నార్వేలో ఉన్నట్టు ఉండదు.

ఎవరు ఎవరి బ్యాండ్‌లో

ముందు మనుషుల సంగతి చూడాలి, ఎందుకంటే మిగతా కథంతా ఇక్కడి నుంచే వస్తుంది.

రాటింగ్ క్రైస్ట్ 1987లో ఏథెన్స్‌లో మొదలైంది. సాకిస్ తోలిస్, అతని తమ్ముడు థెమిస్, బేస్ వాయించే జిమ్ మ్యూటిలేటర్ మొదటి ముగ్గురు. మొదట్లో వాళ్ళు వాయించింది బ్లాక్ మెటల్ కాదు, గ్రైండ్‌కోర్ అనే అతివేగపు ముతక సంగీతం. 1991లో వచ్చిన 'పాసేజ్ టు ఆర్క్‌టూరో' నాటికి దారి మారింది. 1988లో మొదలైన వరాథ్రాన్‌లో గొంతు నెక్రోఅబిసియస్‌ది, బేస్ మళ్ళీ జిమ్ మ్యూటిలేటర్‌దే. 1989లో మొదలైన నెక్రోమాంటియాని నడిపింది ది మేగస్, బారన్ బ్లడ్ అనే ఇద్దరు. ఈ మేగసే కొన్నాళ్ళు రాటింగ్ క్రైస్ట్‌కి కీబోర్డులు వాయించాడు. 1992లో నెక్రోమాంటియా, వరాథ్రాన్ కలిసి ఒకే రికార్డు పంచుకున్నాయి, ఒక వైపు వీళ్ళ పాటలు, రెండో వైపు వాళ్ళవి. సరిగ్గా ఈ అల్లికలోంచే 1993లో సాకిస్, మేగస్ కలిసి మోర్టిఫై అనే బ్యాండ్ గాయకుడు గోత్‌మాగ్‌ని తీసుకుని దౌ ఆర్ట్ లార్డ్ పెట్టారు.

ఇప్పుడు తేదీలు చూడండి. రాటింగ్ క్రైస్ట్ మొదటి పూర్తి ఆల్బమ్ 'దై మైటీ కాంట్రాక్ట్' వచ్చింది 1993లో. నెక్రోమాంటియా తొలి ఆల్బమ్ 'క్రాసింగ్ ద ఫైరీ పాత్' కూడా 1993లోనే. వరాథ్రాన్ 'హిజ్ మెజెస్టీ ఎట్ ద స్వాంప్' కూడా 1993లోనే. అంటే ఈ 'సూపర్‌గ్రూప్' పుట్టే నాటికి అందులోవాళ్ళ అసలు బ్యాండ్లే ఇంకా మొదటి మెట్టు మీద ఉన్నాయి. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు, చేతిలో డెమో క్యాసెట్లు, పోస్టులో వచ్చే ఉత్తరాలు, అభిమానులే రాసి జిరాక్స్ తీసిన ఫ్యాన్‌జైన్లు, అంతే. 1966లో లండన్‌లో క్రీమ్ అనే రాక్ బ్యాండ్ పెట్టినప్పుడు ఆ ముగ్గురూ అప్పటికే పేరున్న వాయిద్యకారులు, పేరుని బట్టే జనం వచ్చారు. ఏథెన్స్‌లో వరస తలకిందులైంది. ముందు బ్యాండ్ వచ్చింది, అందులోని మనుషులకి పేరు తర్వాత వచ్చింది, ఆ పేరుని చూసి పాత బ్యాండ్‌కి 'సూపర్' తగిలించారు.

మరి అప్పుడే రెండు మూడు బ్యాండ్లెందుకు, ఒక్కదాంట్లోనే అన్నీ వాయించుకోవచ్చు కదా అనే ప్రశ్న రావచ్చు. చిన్న సీన్‌లో బ్యాండ్ పేరు ఒక రకంగా గదికి పెట్టిన బోర్డు లాంటిది. మనుషులు వాళ్ళే, కానీ ఈ గదిలో ఈ పనే చెయ్యాలి. అప్పటికి రాటింగ్ క్రైస్ట్ మెలడీ వైపు, ఒక రకమైన గంభీరత వైపు జరుగుతోంది. నెక్రోమాంటియా పూర్తిగా ప్రయోగం. ఆ రెంటిలోనూ పట్టని ముతక రిఫ్‌లకి, థ్రాష్ (వేగంగా నడిచే హెవీ మెటల్ శాఖ) దూకుడుకి, మొహమాటం లేని సైతాను స్తోత్రాలకి వేరే చోటు కావాల్సి వచ్చింది. 'ఎయోస్ఫోరోస్', ఆ తర్వాత 1996లో వచ్చిన 'అపోలియాన్' వింటే ఈ పని విభజన తెలుస్తుంది. ఆ తర్వాత ఆరేళ్ళు పూర్తి ఆల్బమ్ లేదు. 2002, 2005, 2013ల్లో మరో మూడు వచ్చాయి. అసలు బ్యాండ్లు బిజీగా ఉంటే ఇది ఆగుతుంది, వాళ్ళకి తీరిక దొరికితే కదులుతుంది.

ఒకే స్టూడియో, ఒకే చెవి

గ్రీకు బ్లాక్ మెటల్‌కి అభిమానులు 'హెలెనిక్ సౌండ్' అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట వింటే ఏదో మధ్యధరా గాలిలోంచి పుట్టిన స్వభావంలా అనిపిస్తుంది. కొంత నిజం ఉండొచ్చు గానీ, ముందు చూడాల్సింది ఒక అడ్రసు. మేగస్ ఏథెన్స్‌లో స్టార్మ్ స్టూడియో నడిపేవాడు. రాటింగ్ క్రైస్ట్ తొలి ఆల్బమ్, సెప్టిక్ ఫ్లెష్ అనే మరో ఏథెన్స్ బ్యాండ్ 1994 నాటి 'మిస్టిక్ ప్లేసెస్ ఆఫ్ డాన్', నెక్రోమాంటియా సొంత పని, ఇవన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళినవే. నాలుగైదు బ్యాండ్లకి రికార్డింగ్ గది ఒకటే, మిక్సింగ్ బోర్డు మీద కూర్చునే మనిషీ ఒకడే అయితే వాటి మధ్య పోలిక కనిపించడంలో వింత ఏముంది? నార్వేలోనూ ఇదే జరిగింది. బెర్గెన్‌లోని గ్రీగ్‌హాలెన్‌లో పిట్టెన్ అనే ఇంజినీరు దగ్గర రికార్డ్ చేసిన ఆల్బమ్‌లే నార్వే సౌండ్‌కి కొలబద్ద అయ్యాయి. దేశం పేరు పెట్టి పిలిచే సౌండ్లలో చాలావాటికి వెనక ఇలాంటి ఒక గది ఉంటుంది.

ఇక ఆ సౌండ్ ఎలా పనిచేస్తుందంటే, నార్వే పద్ధతిలో గిటారిస్టు తీగని పైకీ కిందకీ ఆపకుండా అతివేగంగా మీటుతూ పోతాడు, దాన్ని ట్రెమోలో అంటారు. దాని కింద డ్రమ్స్ బ్లాస్ట్ బీట్ అనే ఎడతెగని అతివేగపు దరువు కొడుతుంటాయి. రెండూ కలిసేసరికి ఒక్కో దెబ్బ విడిగా వినబడదు, అంతా పొగలా పరుచుకుంటుంది. గ్రీకు పద్ధతిలో కుడి అరచేతి అంచుని తీగల మీద ఆనించి మీటుతారు. దీన్ని పామ్ మ్యూటింగ్ అంటారు. తీగ పూర్తిగా మోగకుండానే ఆగిపోతుంది కాబట్టి ప్రతి దెబ్బా విడిగా, పొట్టిగా, గట్టిగా పడుతుంది. ఇది బ్లాక్ మెటల్ కనిపెట్టిన టెక్నిక్ కాదు. 80ల నాటి హెవీ మెటల్, థ్రాష్ వాయించేవాళ్ళ రోజువారీ పని. దాని మీద హెవీ మెటల్ తరహా లీడ్ మెలడీ పెట్టి, అక్కడక్కడా కీబోర్డు పరిచి, వేగం తగ్గిస్తే ఏథెన్స్ సౌండ్‌కి అస్థిపంజరం సిద్ధమవుతుంది. నార్వే బ్యాండ్లు హెవీ మెటల్‌ని వదిలించుకోవాలని చూస్తున్న రోజుల్లో వీళ్ళు దాన్ని వదల్లేదు, తేడా అంతా అక్కడే ఉంది.

బేస్ సంగతి విడిగా చెప్పుకోవాలి. నార్వే రికార్డింగుల్లో బేస్ ఉందో లేదో వెతుక్కోవాల్సి వచ్చేది. నెక్రోమాంటియా అయితే ఏకంగా రిథమ్ గిటార్‌నే తీసేసి ఆ స్థానంలో రెండు బేస్‌లు పెట్టింది, ఒకటి మామూలు నాలుగు తీగలది, ఇంకోటి ఎనిమిది తీగలది. ఎనిమిది తీగల బేస్ అంటే ప్రతి తీగకీ పక్కనే ఒక స్థాయి పైన శ్రుతి చేసిన జత తీగ ఉంటుంది, రెండూ ఒకేసారి మోగుతాయి. దానికి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) కలిపితే కింద బేస్, పైన గిటార్ లాంటి గరగర, రెండూ ఒకే వాయిద్యంలోంచి వస్తాయి. అలా ఆలోచించే మనిషే దౌ ఆర్ట్ లార్డ్‌లో బేస్ పట్టుకున్నాడు కాబట్టి 'ఎయోస్ఫోరోస్'లో కింది స్థాయి అంత మందంగా ఉండటం అనుకోకుండా జరిగింది కాదు.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకి ఇంకో దారి ఉంది. మెటల్‌లో చాలా రిఫ్‌లు సహజ మైనర్ స్కేల్ మీద నడుస్తాయి, స్వరాల లెక్కన అది మన నటభైరవి. గ్రీకుల జానపద పాటల్లో, రెబెటికో అనే పట్టణ పాటల్లో వినబడే హిజాజ్ స్కేల్ దాదాపు వకుళాభరణం, హిజాజ్‌కార్ అనేది మాయామాళవగౌళ స్వరాలే. గ్రీకు మెటల్ బ్యాండ్లు ఈ రంగుని అక్కడక్కడా వాడుతూ వచ్చాయి, కాలం గడిచేకొద్దీ ఎక్కువగా. తొలి ఆల్బమ్‌లన్నీ దీనితోనే నిండి ఉన్నాయని అనుకోకూడదు. 'ప్రాచ్య గ్రీకు మెలడీ' అని అభిమానులు మురిసిపోయే చోట చాలాసార్లు ఉన్నది మామూలు హెవీ మెటల్ మైనరే.

నార్వేలో మంటలు, గ్రీస్‌లో చట్టం

1992 జూన్‌లో బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చెక్క చర్చి తగలబడింది. 1993 ఆగస్టులో మేహెమ్ అనే నార్వే బ్యాండ్ గిటారిస్టు యూరోనిమస్‌ని బర్జమ్ అనే వన్‌మ్యాన్ బ్యాండ్ నడిపే వర్గ్ వికర్నెస్ చంపాడు. ప్రపంచానికి బ్లాక్ మెటల్ పరిచయమైంది ఈ వార్తలతోనే. కానీ ఆ వార్తల్ని పట్టుకుని ఏథెన్స్ బ్యాండ్లని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. అక్కడ ఈ సంగీతకారుల చుట్టూ అలాంటి చర్చి దహనాల పరంపర లేదు.

అలాగని ఏథెన్స్‌లో టెన్షన్ లేకపోలేదు. 1993 డిసెంబరులో, అంటే దౌ ఆర్ట్ లార్డ్ మొదలైన ఏడాదిలోనే, ఏథెన్స్ శివారు పల్లినిలో ఒక బాలిక, ఒక మహిళ హత్యలకు సంబంధించి కొందరు యువకులు అరెస్టయ్యారు. సైతాను పూజల పేరుతో జరిగిన హత్యలని తేలడంతో పత్రికలూ టీవీలూ నెలల తరబడి దాన్నే చూపించాయి. ఈ బ్యాండ్లకీ ఆ కేసుకీ సంబంధం లేదు. కానీ నల్ల టీషర్టు, పొడుగు జుట్టు ఉన్న ప్రతి కుర్రాడి మీదా అనుమానం పడే వాతావరణం వచ్చింది. 'ఎయోస్ఫోరోస్' బయటికి వచ్చింది ఆ గాలిలోకే.

చట్టం సంగతి కూడా ఉంది. గ్రీకు రాజ్యాంగం ఆర్థడాక్స్ క్రైస్తవాన్ని దేశంలో ప్రధాన మతంగా పేర్కొంటుంది, ఫాదర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. దైవదూషణ నేరమనే సెక్షన్లు 2019 వరకూ శిక్షాస్మృతిలో ఉన్నాయి. అవి ఉత్త అలంకారం కాదు. 2012లో ఫేస్‌బుక్‌లో ఒక దివంగత సన్యాసి మీద వెటకారంగా పేజీ నడిపిన యువకుడు ఆ సెక్షన్ల కింద అరెస్టయ్యాడు.

దీనికన్నా లోతైన అడ్డంకి ఇంకోటుంది. నాలుగు శతాబ్దాల ఒట్టోమన్ పాలనలో గ్రీకు భాషనీ గ్రీకులమన్న భావననీ నిలబెట్టింది చర్చేనని అక్కడి బడిపుస్తకాల నుంచి జెండా పండుగల దాకా చెబుతూ వస్తారు. అంటే చర్చిని కాదంటే మతాన్ని కాదన్నట్టే కాదు, దేశాన్ని కూడా కాదన్నట్టు అనిపించే చోటు అది. నార్వే కుర్రాళ్ళు 'క్రైస్తవం బయటి నుంచి వచ్చి మా పాత దేవుళ్ళని తొక్కేసింది' అని సులభంగా అనగలిగారు. గ్రీస్‌లో అంత తేలిక కాదు, కొత్త నిబంధన రాసిందే గ్రీకు భాషలో కదా. అందుకని ఏథెన్స్ బ్యాండ్లు ఎంచుకున్న దారి వేరు. చర్చి కన్నా పాతదీ, అంతే గ్రీకుదీ అయిన సరుకు వైపు తిరిగాయి. ప్రాచీన కాలం మీద ఎవరూ 'ఇది మనది కాదు' అని అనలేరు. ఇది పక్కా ప్లాన్ వేసుకుని చేసిన ఎత్తుగడ అనడానికి ఆధారం లేదు, కానీ ఫలితం మాత్రం అదే.

మంత్రాలు ఎక్కడివి

ఆ పాత సరుకు తక్కువేమీ కాదు. ఏథెన్స్ మధ్యలోనే ఉన్న ప్రాచీన శ్మశానం కెరమైకోస్‌లో తవ్వితే సీసపు రేకులు దొరికాయి. పడనివాడి పేరు రాసి, వాడి నాలుక కట్టేయమనో కోర్టులో వాడి మాట పడిపోవాలనో పాతాళ దేవతలకి విన్నవించి, రేకుని చుట్టి సమాధిలో పెట్టేవారు. నగరానికి 20 కిలోమీటర్ల దూరంలో ఎల్యూసిస్ ఉంది, అక్కడి రహస్య దీక్షలో ఏం జరిగేదో బయటపెట్టడం మరణశిక్షకి తగిన నేరం. మూడుదారుల కూడలికి దేవత హెకటీ, మంత్రాలకీ దయ్యాలకీ కూడా ఆవిడే. ఇక ఈజిప్టులో దొరికిన గ్రీకు మంత్రపత్రాల్లో ఒకే మంత్రంలో గ్రీకు దేవతలు, ఈజిప్టు దేవతలు, యూదుల దేవుడి పేర్లు కలిసి కనిపిస్తాయి, పని జరగడం ముఖ్యం కానీ ఎవరి దేవుడన్నది కాదన్నట్టు.

ఆల్బమ్ పేరు కూడా ఈ కోవలోదే. ప్రాచీన గ్రీకు పురాణంలో ఎయోస్ఫోరోస్ చెడ్డవాడు కాదు, ఉషాదేవి కొడుకు, తెల్లవారుజామున కనిపించే శుక్రగ్రహం. హీబ్రూ బైబిల్‌ని గ్రీకులోకి తెచ్చినప్పుడు యెషయా గ్రంథంలో బాబిలోను రాజుని ఎత్తిపొడిచే చోట ఆ పేరు వాడారు. తెలుగు బైబిల్‌లో అదే చోట 'వేకువచుక్క' అని ఉంటుంది. ఆ వాక్యాన్ని తర్వాతి కాలపు క్రైస్తవులు పతనమైన దేవదూత కథగా చదివారు, దాంతో ఈనాటి గ్రీకులో ఆ పేరు సైతానుకి స్థిరపడిపోయింది. మన దగ్గరా శుక్రుడు అసురులకి గురువే, కానీ ఆయన పేరు మీద ఒక వారం ఉంది, పూజా ఉంది. గ్రీకులకి అలాంటి రాజీ కుదరలేదు. 'అపోలియాన్' కూడా ఇంతే, ప్రకటన గ్రంథంలో అగాధపు దూతకి ఉన్న గ్రీకు పేరు. మిగతా దేశాల బ్యాండ్లు గ్రంథాలు తిరగేసి తెచ్చుకునే పేర్లు వీళ్ళకి చర్చిలో చిన్నప్పటి నుంచీ చెవిన పడినవే.

కాకపోతే దీన్ని అతిగా పొగడక్కర్లేదు. పాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. సొంత ప్రాచీనతతో పాటు ఇంగ్లండు నుంచి వచ్చిన 20వ శతాబ్దపు మాంత్రిక సంప్రదాయాలు, హారర్ కథల్లోని కల్పిత దేవతలు, వెనమ్, బాతరీ అనే పాత బ్యాండ్ల నుంచి వచ్చిన సైతాను నాటకీయత, అన్నీ ఒకే కుండలో పడ్డాయి. పండితుల పని కాదిది, పుస్తకాలూ రికార్డులూ దొరికినవి దొరికినట్టు మింగిన కుర్రాళ్ళ పని. మేగస్ ఈ విషయాలు నిజంగా చదివే మనిషన్న పేరుంది, గోత్‌మాగ్ గొంతులో వినబడేది మాత్రం ఎక్కువగా రెచ్చగొట్టే సరదా. రెండూ ఒకే ఆల్బమ్‌లో ఉండటమే దానికి రుచి. నమ్మకమా నాటకమా అని తేల్చాలని కూర్చుంటే తేలదు.

తర్వాత ఏమైంది

ప్రభావాలు రెండు వైపులా కనిపిస్తాయి. ఒక వైపు, పేర్ల వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కడికీ పోలేదు. 2005లో అమెరికన్ మెటల్ బ్యాండ్ మెగాడెత్ నాయకుడు డేవ్ మస్టేన్ రాటింగ్ క్రైస్ట్ ఉన్న వేదిక మీద వాయించనని చెప్పాడు, అదీ గ్రీస్‌లోనే. 2018 ఏప్రిల్‌లో జార్జియా దేశ రాజధాని టిబిలిసిలో దిగిన తోలిస్ సోదరుల్ని పట్టుకుని, సైతాను ఆరాధకులూ ఉగ్రవాద అనుమానితులూ అంటూ దాదాపు 12 గంటలు నిర్బంధించారు. ముప్పై ఏళ్ళు వాయించాక, ప్రపంచమంతా తిరిగాక కూడా పేరు చూసి ఆపే అధికారి ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఇంకో వైపు, 1994లో బీజంగా ఉన్నది తర్వాత విస్తరించింది. రాటింగ్ క్రైస్ట్ 2007 'థియోగోనియా' నుంచి గ్రీకు భాషని బాగా వాడింది, 2010 'ఎయాలో'లో ఎపిరస్ ప్రాంతపు స్త్రీల బృందగానాన్ని కలిపింది. 2016 'రిచువల్స్'లో ఏకంగా సంస్కృత పాట 'దేవదేవం' ఉంది, దానికి గొంతు కలిపింది సింగపూర్ మెటల్ బ్యాండ్ రుద్రకి చెందిన కథిర్. మంత్రపత్రాల్లో ఊళ్ళన్నిటి దేవుళ్ళనీ కలిపేసిన ధోరణే ఇది కూడా. ఇందులో బలమూ ఉంది, పైపూత అయిపోయే ప్రమాదమూ ఉంది. 'రిచువల్స్'లో కొన్నిచోట్ల రెండోదే జరిగిందని చెప్పక తప్పదు. ఒక్కో పాటకి ఒక్కో దేశపు మంత్రం తగిలిస్తే కింద నడిచే రిఫ్ మారకపోవడం ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇప్పుడు నిజంగా సూపర్‌గ్రూప్ అనదగ్గవి వస్తున్నాయి. జిమ్ మ్యూటిలేటర్, మేగస్ కలిసి పెట్టిన యోత్ ఇరియా 2021లో 'యాజ్ ద ఫ్లేమ్ విదర్స్' అనే ఆల్బమ్ తెచ్చింది. ఇక్కడ మనుషుల పేర్లు ముందున్నాయి, వాటిని చూసే కొనేవాళ్ళున్నారు. రికార్డింగ్ శుభ్రంగా ఉంది, మెలడీ పొందికగా ఉంది, పాత పద్ధతిని తెలిసి తెలిసి మళ్ళీ వాయించిన సంగతి ప్రతి పాటలోనూ తెలుస్తుంది. 'ఎయోస్ఫోరోస్'లో ఈ స్పృహ లేదు. అప్పటికి 'హెలెనిక్ సౌండ్' అనే నమూనా ముందు లేదు కాబట్టి దాన్ని పాటించాలన్న ఒత్తిడీ లేదు. అందుకే కొన్ని పాటలు థ్రాష్ వైపు, కొన్ని డెత్ మెటల్ అనే మరో ముతక శాఖ వైపు వంగుతాయి, అతుకులు కనిపిస్తాయి.

నెక్రోమాంటియా సగం అయిన బారన్ బ్లడ్ 2019లో చనిపోయాక 2021లో ఆ బ్యాండ్ చివరి ఆల్బమ్ వచ్చి తలుపు మూసేసింది. తొలి తరం మనుషులు తగ్గిపోతున్న కొద్దీ పాత రికార్డుల రీఇష్యూలకి గిరాకీ పెరిగే అవకాశమే ఎక్కువ. గ్రీస్ బయట పుట్టిన బ్యాండ్లు కూడా ఈ పామ్ మ్యూట్ రిఫ్‌లనీ లీడ్ మెలడీనీ తీసుకుని వాయిస్తున్నాయి. వాళ్ళకి కెరమైకోస్ లేదు, స్టార్మ్ స్టూడియో లేదు, అయినా సౌండ్ దగ్గరగానే వస్తోంది, ఎందుకంటే కుడి అరచెయ్యి తీగల మీద ఎక్కడ ఆనించాలో ఎవరైనా నేర్చుకోవచ్చు. పాటల్లోని పేర్లు మాత్రం వాళ్ళు వెతుక్కునే తెచ్చుకోవాలి.